స్విచ్చి ఎవరి గోడకుంది

మా పల్లెకి కరెంటు నేను పుట్టకముందే వచ్చిందని రికార్డుల్లో ఉంది. మా అమ్మ లెక్క వేరు. ఆమెని అడిగితే "కరెంటు యాడొచ్చింది నాయనా, తీగొచ్చింది" అంటది.

మాది అమరావతి మండలంలో ఒక ఊరు. ఊరంటే ఊరు కాదు, ఊరి వెలపల మాదిగపల్లె. మా తాత మోటబానలు కుట్టేవాడు. ఊళ్లో రైతుల బావుల మీద మోటలు నడిచినన్నాళ్లూ ఆయన ఆరెకి, రంపెకి పని ఉంది. కరెంటు మోటార్లొచ్చి మోటలు పోయాయి. మోటలతోపాటు మా తాత పనీ పోయింది. ఆయన పనిని మింగేసిన కరెంటు ఆయన ఇంటికి మాత్రం రాలేదు. మా నాయన ఒక పెద్దరైతు దగ్గర జీతానికి కుదిరాడు. మా అమ్మ మిరపకోతలకి, పత్తితీతలకి పోయేది. కోతల రోజుల్లో మమ్మల్ని దగ్గరకు తీసుకునేది కాదు. కారం చేతులు మా కళ్లకి తగులుతాయని. నేను డిగ్రీ చదివాక గాని మా ఇంటిపేరున్న మనిషి సంతకం ఒక సర్టిఫికెట్ మీద పడలేదు.

1990ల మాట చెబుతున్నా. పల్లె మొత్తానికి మూడు వీధిదీపాలు. స్తంభాలున్నాయి, తీగలున్నాయి, బల్బులున్నాయి. వాటిని వేసి తీసే స్విచ్చి మాత్రం ఊళ్లో ఆ పెద్దరైతు ప్రహరీగోడకుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఆ పక్కనే ఉంది కాబట్టి అక్కడ పెట్టారట. పొద్దుగూకినాక ఆయన జీతగాడు వచ్చి స్విచ్చి వేస్తే మా వీధి వెలిగేది. ఆ జీతగాడు ఎవరనుకున్నారు? మా నాయనే. చేయి మా నాయనది, హుకుం ఆయనది.

1997లో, నేను నాలుగో తరగతిలో ఉండగా, మిరపకోతలకి రోజుకి అయిదు రూపాయలు పెంచమని మా ఆడోళ్లు అడిగారు. అడిగిన రోజు రాత్రి మా వీధి వెలగలేదు. మర్నాడూ వెలగలేదు. తొమ్మిది రాత్రులు. "బల్బులు మాడిపోయాయిరా" అన్నారు. పదోరోజు ఆడోళ్లు పాత కూలికే చేలోకి దిగారు. ఆ సాయంత్రం ఆ మాడిపోయిన బల్బులే వెలిగాయి.

ఆ తొమ్మిది రోజులూ మా నాయన గొడ్లను తోలుకుని ఆ గోడ పక్కనుంచే పోయాడు. చేయి చాపితే స్విచ్చి అందుద్ది. చాపలేదు. ఎందుకు చాపలేదని నాకు చాలా కాలం మా నాయన మీద కోపం ఉండేది. చాపితే ఏమయ్యేదో తెలిసే వయసు తర్వాత వచ్చింది. మా నాయన తరానికి కారంచేడు తెలుసు. మాదిగపల్లె తాగే నీళ్లను పాడుచేయొద్దని ఒక ఆడమనిషి బిందె అడ్డంపెట్టినందుకు 1985 జులై 17న ఆరుగురిని చంపారు. చుండూరు తెలుసు. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని నరికారు. ఆ చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. మా నాయన చేయి ఆగింది పిరికితనంతో కాదు. లెక్క తెలిసి ఆగింది.

ఈ సంగతి నేను మళ్లీ తలచుకోవాల్సి వచ్చింది నలుగురూ ఊహించని చోట. కంప్యూటర్ పెట్టె లోపల.

* * *

బీఎస్సీ, బీఈడీ అయ్యాక 2014 డీఎస్సీలో ఎంపికై, 2016 నుంచి నేను సర్కారు హైస్కూల్లో ఫిజిక్సు చెబుతున్నా. పత్తి, మిరప తప్ప ఇంకో మాట వినపడని మెట్ట ఊరు. స్కూల్లో ఎనిమిదో తరగతికి రెండు సెక్షన్లు. ఏ సెక్షన్, బి సెక్షన్. ఎవరు ఏ సెక్షన్లో ఉంటారో ఎవరూ రాసి పెట్టలేదు. హాజరుపట్టీలో ఇంటిపేర్లు చదువుతుంటే తెలుస్తుంది. బి సెక్షన్ మాలపల్లె, మాదిగపల్లె, యానాది కాలనీ. పనిచేసే నాలుగు కంప్యూటర్లు ఏ సెక్షన్ టైంటేబుల్లో ఉన్నాయి. బి సెక్షన్‌కి కంప్యూటర్ పీరియడ్ లేదు. అడిగితే "మెషీన్లు చాలవు మాస్టారూ" అన్నారు.

చాలకపోవడానికి కారణం స్టోరు గదిలో ఉంది. పదేళ్ల కిందట ఏదో పథకంలో వచ్చిన పది చిన్న పెట్టెలు. టిఫిను డబ్బా అంత ఉంటాయి. మానిటరు, కీబోర్డు తగిలిస్తే కంప్యూటర్. అన్నీ ఒకే తీరుగా చచ్చాయి. లోపలి మెమరీ అరిగిపోయి, వేస్తే తెర నల్లగా ఉండిపోయేది. స్టాకు రిజిస్టర్లో వాటి ఎదురుగా "పనికిరానివి" అని ఎర్రసిరాతో రాసి ఉంది.

2023 వేసవిలో వాటిని బాగుచేస్తానని అడిగాను. తోటి మాస్టారొకాయన నవ్వాడు. "మీకెందుకండీ ఈ రిపేర్ల పని? స్క్రాపుకి రాసేస్తే పోద్ది." ఆ "మీకు" అనే మాటలో ఏముందో మా తాత చేతిలోని ఆరె తెలిసినోళ్లకి తెలుసు. పెద్ద మాస్టారు ఇంకో మాట చెప్పారు. "చేసుకోండి. నోటితో చెబుతున్నా, కాయితం మీద ఇవ్వను. ఊడదీసినాక ఏమైనా అయితే మీ జీతంలో కోస్తారు."

నిజం చెబుతున్నా, భయమేసింది. పుట్టుకతో నాలుగెకరాలున్నోడికి మెమో ఒక కాయితం. నాకు ఈ ఉద్యోగమే నాలుగెకరాలు. మూడురోజులు స్టోరు గది వైపు పోలేదు. నాలుగోరోజు బి సెక్షన్‌లో ఒక పిల్ల అడిగింది. "సార్, ఆ పెట్టెల్లో ఏముంటది?" నాకు తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. ఆ సాయంత్రం మా ఇంట్లో అటక మీదున్న తాత ఆరె తీసి, దాంతోనే మొదటి పెట్టె మూత సందు విప్పాను.

* * *

లోపల ఆల్‌విన్నర్ ఏ20 అనే చిప్పు ఉంది. నేను ఇంజినీరుని కాను. తెలియనిది తెలుసుకోవడం తప్ప వేరే సొమ్ము లేదు. రాత్రిళ్లు ఫోన్లో చదివాను. ఆ చిప్పు మేల్కొనగానే ముందు మెమరీ కార్డు వైపు చూస్తుందట. కార్డులో తన కోసం ఏమైనా రాసి ఉంటే లోపలి మెమరీ జోలికి పోదట. అంటే లోపల చచ్చినా బయటనుంచి బతికించవచ్చు.

బి సెక్షన్ పిల్లల్ని పాత ఫోన్లలో పాటల కోసం వాడి పారేసిన కార్డులు ఉంటే తెమ్మన్నాను. పన్నెండు తెచ్చారు. 256 ఎంబీ, 512 ఎంబీ. మొత్తం లైనక్స్ వాటిలో పట్టదు. యూ-బూట్ పట్టుద్ది. యూ-బూట్ అంటే పెట్టె మేల్కొన్నాక అసలు సిస్టమ్ ఎక్కడుందో వెతికి లేపే ప్రోగ్రాం. అసలు సిస్టమ్‌ని, డెబియన్‌ని, పెన్‌డ్రైవ్‌లో పెట్టాలి. పది పెన్‌డ్రైవ్‌లు నా జీతంలో కొన్నాను. కార్డులో యూ-బూట్, పెన్‌డ్రైవ్‌లో డెబియన్. లెక్క బాగానే ఉంది.

పెట్టె వేశాం. ఏమీ రాలేదు. పెన్‌డ్రైవ్ మీద చిన్న ఎర్రలైటు కూడా వెలగలేదు.

యూఎస్‌బీ సాకెట్టులో నాలుగు రేకులుంటాయి. రెండు సమాచారానికి, ఒకటి నేల, ఒకటి 5 వోల్టుల కరెంటు. యూఎస్‌బీ 2.0 లెక్కన ఆ పోర్టు 500 మిల్లీయాంపుల దాకా ఇవ్వాలి. మల్టీమీటరు పెట్టి చూశాను. సున్నా. పెట్టెకి కరెంటు వస్తోంది. అడాప్టరు బాగుంది. చిప్పు వేడెక్కుతోంది. పోర్టుకి మాత్రం రావడం లేదు.

తీగ ఉంది. స్తంభం ఉంది. బల్బు ఉంది. వీధి చీకటి.

అప్పుడు పోర్టు పక్కనే అయిదు కాళ్లున్న చిన్న చిప్పు కనపడింది. నువ్వుగింజకన్నా కొంచెం పెద్దది. ఒక కాలికి 5 వోల్టులు వస్తున్నాయి. ఒక కాలు పోర్టుకి పోతోంది, అక్కడ సున్నా. ఒక కాలు నేలకి. ఒకటి ఎక్కువ కరెంటు లాగితే కేకేయడానికి. అయిదోది అనుమతి కాలు. ఆ కాలికి పెద్ద చిప్పు నుంచి 3.3 వోల్టులు అందితేనే ఇది తలుపు తీస్తుంది. మన ఇళ్లలో రెగ్యులేటర్ అంటే ఫాను తిప్పే బుడిపె. లైనక్స్ వాళ్లు ఇట్లాంటి తలుపుని కూడా రెగ్యులేటర్ అనే పిలుస్తారు. 2008 నుంచి వీటన్నిటినీ లెక్కగా చూసే ఏర్పాటు అందులో ఉంది.

పెద్ద చిప్పు ఎందుకు అనుమతి ఇవ్వలేదు? దానికి పగ లేదు, కులం లేదు. అది మేల్కొనే క్షణంలో దాని కాళ్లు వినే స్థితిలో ఉంటాయి, చెప్పే స్థితిలో ఉండవు. ఆ సందులో అనుమతి కాలు ఊగిసలాడకుండా ఒక రెసిస్టరు దాన్ని నేలకి కట్టేసి ఉంచుతుంది. పొరపాటున షార్టయిన పరికరం తగిలించి ఉంటే పెట్టె మొత్తం కూలకూడదని ఆ జాగ్రత్త. మంచి జాగ్రత్తే. కానీ ఆ తర్వాత ఎవరో ఒకరు కాలు ఎత్తమని చెప్పాలి. చెప్పేదాకా చీకటే ఆ పోర్టు స్వభావం. ఎవరూ చెప్పకపోతే అది చెడిపోయినట్టు కనపడుద్ది. పదేళ్లకి "పనికిరానిది" అని ఎర్రసిరాతో రాస్తారు.

మా బి సెక్షన్ పిల్లల గురించి స్టాఫ్‌రూంలో ఎన్నిసార్లు ఆ మాట విన్నానో లెక్కలేదు.

* * *

పెట్టె లోపలేం జరుగుతోందో చూడాలంటే తెర చాలదు. బోర్డు మీద మూడు బొడిపెలుంటాయి. ఒకటి చెప్పేది, ఒకటి వినేది, ఒకటి నేల. అక్కడ మూడు తీగలు అతికి, చిన్న అడాప్టరు ద్వారా నా పాత ల్యాప్‌టాప్‌కి కలిపాను. దాని చెప్పేది మన వినేదానికి, మన చెప్పేది దాని వినేదానికి కలపాలి. వేగం 1,15,200 అని ఇవ్వాలి. పెట్టె వేయగానే అక్షరాలు జలజలా రాలాయి. చచ్చిందనుకున్నది మాట్లాడుతోంది. ఇన్నేళ్లూ మాట్లాడుతూనే ఉంది, వినే తీగ ఎవరూ పెట్టలేదు.

"హిట్ ఎనీ కీ టు స్టాప్ ఆటోబూట్" అని వచ్చింది. ఇందాకటి పిల్లని పిలిచి, "ఏదో ఒక మీట నొక్కమ్మా" అన్నాను. నొక్కింది. పరుగు ఆగింది. ఒక బాణం గుర్తు వచ్చి, ఏం చేయమంటారని అడుగుతున్నట్టు నిలబడింది.

బోర్డు మీద అనుమతి కాలు నుంచి పోయే గీతను భూతద్దంతో వెంబడించాం. అది పీహెచ్ 3 అనే కాలికి చేరుతున్నట్టు తేలింది. ఆ పిల్ల ఒక్కొక్క అక్షరమూ వెతుక్కుంటూ కొట్టింది. జీపీఐఓ సెట్ పీహెచ్ 3.

పెన్‌డ్రైవ్ మీద ఎర్రలైటు వెలిగింది.

పిల్లలు అరిచిన అరుపుకి పక్కగది మాస్టారు వచ్చాడు. మల్టీమీటరు 5.02 చూపించింది. యూఎస్‌బీ స్టార్ట్ అని కొడితే, ఒక స్టోరేజి పరికరం దొరికిందని రాసింది. అయిదు నిమిషాల్లో తెర మీద తెలుగు అక్షరాలతో డెస్క్‌టాప్ వచ్చింది. తెలుగులో పనిచేసే లైనక్స్ కోసం ఏళ్లుగా శ్రమపడిన హైదరాబాదు స్వేచ్ఛ సంస్థలాంటి వాళ్లని ఆ రోజు మనసులో తలచుకున్నా.

కానీ ఇది మనిషి పక్కన కూర్చుని చెప్పే పద్ధతి. ప్రతిసారీ మూడు తీగలు పెట్టి, ల్యాప్‌టాప్ తెచ్చి, నేనుండాలి. నేను బదిలీ అయితే పదీ మళ్లీ స్టోరు గదికే. పెట్టె తనంతట తాను వేసుకునేటట్టు రాయాలి.

* * *

దానికి ఒక పత్రం ఉంది. డివైస్ ట్రీ అంటారు. బోర్డు మీద ఏ వస్తువు ఏ కాలికి కట్టి ఉందో, ఏది దేనిమీద ఆధారపడి ఉందో అందులో రాసి ఉంటుంది. యూ-బూట్‌కైనా లైనక్స్‌కైనా అదే ఆధారం. మన పల్లెటూరి భాషలో చెప్పాలంటే బోర్డుకి అది అడంగల్. అడంగల్లో లేని చేను చేను కాదు. డివైస్ ట్రీలో లేని పోర్టు పోర్టు కాదు. మేం వాడింది వేరే బోర్డు పత్రం. అందులో యూఎస్‌బీ గురించి రాశారు, మా పోర్టుకి కరెంటు ఎవరిస్తారో రాయలేదు.

మేం రాశాం. ఫిక్స్‌డ్ రెగ్యులేటర్ ఒకటి ఉంది. దాని పేరిది. అది ఇచ్చేది యాభై లక్షల మైక్రోవోల్టులు, అంటే 5 వోల్టులు. దాని అనుమతి కాలు పీహెచ్ 3. మొదటి రాత్రి పనిచేయలేదు. మళ్లీ సున్నా. రెండోరోజు ఒక పిల్లాడు అడిగాడు. "సార్, కాలు ఎత్తితే వెలగాలా, దించితే వెలగాలా? అది మనం చెప్పామా?" చెప్పలేదు. 'ఎనేబుల్-యాక్టివ్-హై' అనే మాట రాయకపోతే, దించితే వెలుగుద్దని అనుకుంటుందది. ఆ మాట రాశాం. 'రెగ్యులేటర్-బూట్-ఆన్' అని ఇంకో మాట రాశాం. యూ-బూట్‌ని కూర్చేటప్పుడు ఫిక్స్‌డ్ రెగ్యులేటర్ డ్రైవరును కూడా చేర్చాం. లేకపోతే పత్రంలో ఉన్న మాటను చదివే నాథుడుండడు.

ఈసారి పెట్టె వేయగానే, ఎవరూ ఏమీ కొట్టకుండానే, ఎర్రలైటు వెలిగింది. యూ-బూట్ పెన్‌డ్రైవ్‌ని చదివింది, లైనక్స్ లేచింది, డెస్క్‌టాప్ వచ్చింది. ఆ పిల్ల తన పేరు తెలుగులో కొడుతోంది. సగం పేరు కొట్టిందో లేదో ఎర్రలైటు ఆరిపోయింది. తెర అలాగే కొయ్యబారింది. తీగల వెంట చూస్తే ఆ రెగ్యులేటర్ పేరు, దాని పక్కన ఒక్క మాట. డిసేబ్లింగ్. ఆపేస్తున్నా.

మళ్లీ వేశాం, మళ్లీ అంతే. ముప్పై సెకన్లు. లెక్కపెట్టినట్టు ఆరిపోతోంది.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. నా చిన్నప్పటి తొమ్మిది రాత్రులు గుర్తొచ్చాయి. ఎవడు ఆపుతున్నాడు? తెల్లారేదాకా చదివితే దొరికింది. కెర్నల్ లేచాక ఒక అరనిమిషం గడువిస్తుంది. ఆ లోగా ప్రతి రెగ్యులేటర్‌నీ చూస్తుంది. నిన్ను వాడుకునేవాళ్లు ఎవరు? ఎవరైనా నాది అని పేరు రాయించుకున్నారా? ఎవరూ రాయించుకోకపోతే, కరెంటు వృథా ఎందుకని ఆపేస్తుంది. 'బూట్-ఆన్' అనే మాటకి అర్థం మొదట్లో వెలిగి ఉందని. వెలిగి ఉండే హక్కుందని కాదు. వాళ్ల భాషలో రెగ్యులేటర్‌ని వాడుకునేవాణ్ణి కన్స్యూమర్ అంటారు. అడంగల్లో పట్టాదారు కాలం పక్కన అనుభవదారు కాలం ఉంటది చూడండి, అదే ఇది. మా పత్రంలో అనుభవదారు కాలం ఖాళీగా ఉంది.

ఇది నాకు కొత్త పాఠం కాదు. రెండుసార్లు చదివిన పాఠమే.

* * *

ఒకటి మా మేనత్తది. ఆమెది ఇప్పుడు రాజధాని కిందకొచ్చిన 29 గ్రామాల్లో ఒక ఊరు. 2015లో భూసమీకరణలో 33 వేలకు పైగా ఎకరాలు తీసుకున్నప్పుడు, మా మామయ్యకి ఎప్పుడో ఇచ్చిన అరెకరం అసైన్డు చెక్క ఉంది. అసైన్డు భూమి అమ్మకూడదని 1977 చట్టం. అయినా ఆ రోజుల్లో అసైన్డు భూములకి ఏమీ రాదనే మాట ఊరూరా తిరిగింది. ఎవరో కారులో వచ్చి తెల్లకాయితం మీద మా అత్త వేలిముద్ర వేయించుకుని చేతిలో కొంత డబ్బు పెట్టిపోయారు. ఆమె మొగుడు చనిపోయాక ఆ చెక్క ఆమె పేరున మారలేదు. ఎవరూ అడగలేదు, ఆమెకి అడగాలని తెలియదు. ఇచ్చినప్పుడు వెలిగింది. అనుభవదారు కాలంలో పేరు లేక ఆరిపోయింది. భూమిలేని కుటుంబాలకి నెలకి 2500 పెన్షన్ అన్నారు. భూమున్న మనిషి భూమిలేని మనిషి పెన్షన్ కోసం లైన్లో నిలబడింది.

రెండోది మా వీధిదీపాలది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక మంచి లైన్‌మన్ వచ్చాడు. మా అవస్థ చూసి, ఎవర్నీ అడగకుండా, స్విచ్చి తెచ్చి మా పల్లె స్తంభానికే పెట్టాడు. నెలరోజులు మా వీధి మా చేతుల మీద వెలిగింది. ఆయనకి బదిలీ అయింది. కొత్తాయన వచ్చి "ఎవరు మార్చమన్నారు? కాయితమేదీ?" అన్నాడు. కాయితం లేదు. స్విచ్చి మళ్లీ గోడకే పోయింది. ఒకరి మంచితనంతో వెలిగిన దీపం ఇంకొకరి ప్రశ్నకి నిలబడలేదు.

అప్పుడు మా అంబేద్కర్ యువజన సంఘం అన్నలు నన్ను కూర్చోబెట్టి అర్జీ రాయించారు. నా జన్మలో బడి కోసం కాకుండా రాసిన మొదటి రాత అది. అడుగున 43 పేర్లు. పదకొండు సంతకాలు, ముప్పై రెండు వేలిముద్రలు. మా నాయన చాలాసేపు ఆ కాయితం ముందు నిలబడ్డాడు. పెద్దరైతు దగ్గర ఇంకా జీతం ఉన్నాడప్పుడు. "ఏస్తే ఏమవుద్దో తెలుసుగా" అంది మా అమ్మ. "ఎయ్యకపోతే ఏమయిందో కూడా తెలుసు" అన్నాడు. వేలిముద్ర వేశాడు. పండగకి జీతం నుంచి తీసేశారు. అర్జీ మూడు ఆఫీసులు తిరిగింది. 2003లో స్విచ్చి మా పల్లె స్తంభానికి వచ్చింది. ఈసారి రిజిస్టర్లోకి ఎక్కి వచ్చింది. ఇరవై ఏళ్లు దాటింది, ఎవరూ కదిలించలేదు.

* * *

మర్నాడు పిల్లలకి ఇదంతా చెప్పాను. ఏం చేద్దామన్నాను. ఒకడు 'రెగ్యులేటర్-ఆల్వేస్-ఆన్' అనే మాట ఉంది కదా సార్, అది రాసేద్దామన్నాడు. రాస్తే పనిచేస్తుంది, ఎవరూ ఆపలేరు. కానీ అవసరం లేనప్పుడు కూడా ఎవరూ ఆపలేరు. పోర్టుకీ దాని కరెంటుకీ సంబంధం ఏమిటో ఆ పత్రం చదివేవాడికి అప్పటికీ తెలియదు. ఆ పిల్ల అన్నది, "పేరు రాపిద్దాం సార్."

యూఎస్‌బీ ఫై అనే భాగం ఉంది. పోర్టుని నడిపేది అదే. దాని కింద ఒక్క వరస చేర్చాం. నా వీబస్ సప్లై ఈ రెగ్యులేటర్ నుంచి అని. అంతే. ఒక్క వరస. దాన్ని కూర్చి కార్డులో వేసి పెట్టె వేశాం. ఎర్రలైటు వెలిగింది. డెస్క్‌టాప్ వచ్చింది. అందరం గోడ గడియారం వైపు చూస్తున్నాం. ముప్పై సెకన్లు. నలభై. నిమిషం. రెండు నిమిషాలు. ఆ పిల్ల తన పేరంతా కొట్టింది. తర్వాత వాళ్లమ్మ పేరు కొట్టింది.

పదింటిలో ఎనిమిది పెట్టెలు లేచాయి. రెండింటిలో చిప్పే పోయింది.

నన్ను ఒక సంగతి ఇప్పటికీ ఆశ్చర్యపెడుతుంది. యూ-బూట్, లైనక్స్ రెండూ ఎవరైనా తెరిచి చదవదగిన, మార్చదగిన లైసెన్సు కింద ఉన్నాయి. నీ కులమేదని, నీ మార్కులెన్నని, నీకెందుకని అడగని రాత అది. లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండు కుర్రాడు లైనక్స్ సంగతి మొదట నలుగురికీ చెప్పింది 1991 ఆగస్టు 25న. చుండూరు కాలవలో మనవాళ్ల శవాలు వెతికిన నెల అదే. ఆ రెండు వార్తలూ ఒకే నెలవని నాకు ముప్పై ఏళ్లు దాటాక తెలిసింది. ఒకటి మా నాయన చేతిని ఆపింది. ఇంకొకటి ఆ చేతి మనవరాళ్ల వయసు పిల్లల చేతికి అందింది. మధ్యలో ఉన్న దూరం దానంతటది తగ్గలేదు. తగ్గించడానికి ఎంతమంది ఉద్యోగాలు, జీతాలు, ప్రాణాలు పోయాయో ఈ పుస్తకం చదివే మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇంకా పని మిగిలింది. పెట్టెలు వెలిగినంత మాత్రాన సరిపోదని పెట్టెలే నేర్పాయి. పెద్ద మాస్టారి దగ్గరికి పోయాను. ఆయన వచ్చి చూసి, నిజంగానే సంతోషించి, "బాగుందయ్యా, వాడుకోండి" అన్నారు. "అట్లా కాదు సార్. కాయితం మీద కావాలి" అన్నాను. గొంతు వణికింది, దాచను. రెండు కాయితాలు అడిగాను. ఒకటి, స్టాకు రిజిస్టర్లో ఎర్రసిరా కొట్టేసి ఎనిమిదింటి ఎదురుగా "పనిచేయుచున్నవి" అని రాయాలి. రెండు, టైంటేబుల్లో ఎనిమిది బి సెక్షన్‌కి వారానికి రెండు కంప్యూటర్ పీరియడ్లు అని ఎక్కాలి. ఇవాళ మీరున్నారు, నేనున్నాను. రేపు ఇద్దరికీ బదిలీ అవుద్ది. వచ్చినాయన వీటిని వాడేది ఎవరని అడుగుతాడు. అప్పుడు ఒక పేరు కనపడాలి.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. స్టాఫ్‌రూంలో మూడు రోజులు చర్చ జరిగింది. ఏ సెక్షన్ వాళ్లకి నష్టమన్నవాళ్లున్నారు, ఇద్దరికీ కలిపి పెడదామన్నవాళ్లున్నారు. బి సెక్షన్ పిల్లలు తామే ఒక అర్జీ రాసుకొచ్చారు. నేను రాయమనలేదు. అడుగున 31 పేర్లు. వేలిముద్ర ఒక్కటి కూడా లేదు.

పెద్ద మాస్టారు రిజిస్టరు తెప్పించారు. ఎర్రసిరా గీతలు ఒక్కొక్కటే కొట్టేసి, పక్కన నీలంసిరాతో రాసి, సంతకం చేశారు. టైంటేబుల్ సోమవారం నుంచి మారింది.

ఆ ఆదివారం పల్లెకి పోయి మా నాయనకి ఈ కథంతా చెప్పాను. ఎంతవరకు అర్థమైందో తెలియదు. అంతా విని ఒకే మాట అడిగాడు.

"స్విచ్చి ఇప్పుడు ఎవరి దగ్గరుందిరా?"

"పిల్లల దగ్గర నాయనా."

"కాయితం?"

"ఉంది."

"అయితే సరే" అని మంచం వాల్చుకున్నాడు. బయట మా వీధిదీపం వేయడానికి ఎవరో పిల్లాడు స్తంభం వైపు పోతున్నాడు.